గురజాడ వారి ఇంట్లో ఒక గుమాస్తా



ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, "నేను చరిత్రకారుణ్ణి కాదండీ, ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు నడిపిన గుమాస్తాను" అన్నాను. "అయితే గుమాస్తా కంటికి ఏం కనబడిందో అదే రాయండి" అన్నారు వారు. ఆ మాట పట్టుకుని ఇది రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మాది రుద్రారం. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి పోయే బొంబాయి రోడ్డు మీద, గణేశ్ గడ్డ దేవస్థానం ఉన్న ఊరంటే మన సభ్యులందరికీ గుర్తే. నా చిన్నతనంలో ఆ రోడ్డుకు రెండు పక్కలా జొన్న చేలుండేవి. ఇప్పుడు ఫ్యాక్టరీల గోడలు, కాలేజీల గేట్లు, లారీల వరసలు. అటువంటి ఊరివాణ్ణి నేను ఎక్కడో ఉత్తరాంధ్రలోని విజయనగరం వెళ్ళి గురజాడ అప్పారావు గారి ఇల్లు చూడడం అనుకోకుండా జరిగింది. మా చిన్నల్లుడి తరఫు బంధువుల పెళ్ళి ఆ ఊళ్ళో కుదిరింది. నేను, మా శ్రీమతి, ఇంజనీరింగ్ చదువుతున్న మనవరాలు బయలుదేరాము.

ప్రయాణం

సికింద్రాబాదులో సాయంత్రం విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరునాడు ఉదయానికి విజయనగరం. నేను దారిలో చదువుకుందామని పాత 'కన్యాశుల్కం' పుస్తకం సంచీలో వేసుకున్నాను. మన తరంవారిలో చాలామందికి ఆ నాటకం కంటే 1955లో పి. పుల్లయ్య గారు తీసిన సినిమాయే ముందు తెలుసు. గిరీశంగా రామారావు గారు, మధురవాణిగా సావిత్రి గారు కళ్ళ ముందే ఉంటారు. నేనూ అంతే. నాటకం మొత్తం చదివింది ఉద్యోగంలో చేరాకనే. కాని దాని ముందున్న పీఠికను శ్రద్ధగా చదివింది మాత్రం ఆ రైల్లోనే. ఆ పీఠికే ఈ వ్యాసానికి కారణం. ఆ సంగతి తరువాత చెబుతాను.

పెళ్ళి రాత్రికి. పగలంతా తీరికే. మా శ్రీమతి పైడితల్లి అమ్మవారి దర్శనం చేసుకుందామన్నది. దర్శనం చేసుకుని, గంట స్తంభం, రాజులవారి కోట చూసుకుని, అడుగుతూ అడుగుతూ గురజాడ వారి ఇంటికి చేరాము. అడిగిన ప్రతివారూ దారి చెప్పారు. మన వైపు ఒక కవి ఇల్లెక్కడని అడిగితే ఇంత తొందరగా చెప్పేవారుంటారా అని నాకు అనిపించింది.

కవుల ఇళ్ళు నిలబెట్టుకోవడం ప్రపంచమంతటా ఉన్న ఆచారమే. ఇంగ్లండులో షేక్స్పియరు పుట్టిన ఇంటిని 1847లో చందాలు పోగుచేసి కొని కాపాడుకున్నారు. కలకత్తాలో జోరాసాంకోలోని రవీంద్రుని ఇల్లు మ్యూజియంగా ఉంది. మద్రాసు తిరువల్లిక్కేణిలో సుబ్రహ్మణ్య భారతి నివసించిన ఇంటిని అక్కడి ప్రభుత్వం స్మారక నిలయం చేసింది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారి ఇల్లున్నది. మన హైదరాబాదులో నాంపల్లి స్టేషను దగ్గర సరోజినీ నాయుడు గారి 'గోల్డెన్ త్రెషోల్డ్' ఉన్నది. 1905లో లండనులో అచ్చయిన ఆమె మొదటి కవితా సంపుటం పేరే ఆ ఇంటికి వచ్చింది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఆవరణలోనే. ఆ ఇంటి ముందు నుంచి నేను వందలసార్లు బస్సులో పోయి ఉంటాను, లోపలికి మాత్రం ఒక్కసారీ పోలేదు. దగ్గరున్నవాటి మీద మనకు చూపు ఆనదు.

ఇంట్లో

గురజాడ వారి ఇల్లు రాజుల కాలపు మేడ అయినా మరీ పెద్దదేమీ కాదు. ఒక ఉద్యోగస్థుడు నివసించిన ఇల్లు, అంతే. పాతకాలపు గోడలు, చెక్క పని, గోడల నిండా ఫోటోలు, పుస్తకాల బీరువాలు, ఆయన వాడినవని చూపించే కుర్చీ, బల్ల. ఆయన పేర గ్రంథాలయం కూడా నడిచిన చోటు అది. మ్యూజియమనగానే మనకు సాలార్‌జంగ్ గుర్తుకు వస్తుంది గదా. అలా అనుకుని వెళ్ళినవారు నిరాశపడతారు. మా శ్రీమతి అయిదు నిమిషాల్లో అంతా చూసి, "ఇంతేనా?" అన్నది.

అక్కడున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, "ఎక్కడి నుంచొచ్చారండి బాబూ?" అని అడిగాడు. సంగారెడ్డి దగ్గర నుంచి అని చెప్పాను. "సంగారెడ్డంటే ఏటండి, హైదరాబాదుకి దగ్గరేనా?" అని, "అంత దూరం నుంచి వచ్చారు, కూర్చోండి" అంటూ బెంచీ చూపించాడు. ఏం ఉద్యోగం చేశారని అడిగితే గుమాస్తానని చెప్పాను. ఆయన నవ్వి, "అప్పారావు పంతులు గారూ కొన్నాళ్ళు గుమాస్తాయేనండి" అన్నాడు.

అది నిజమే. మనం గురజాడ వారిని మహాకవిగానే తలుచుకుంటాము గాని, ఆయన బతుకంతా ఉద్యోగస్థుడి బతుకు. మన సంచిక చదివేవారికి ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

ఉద్యోగస్థుడు గురజాడ

ఆయన 1862లో యలమంచిలి దగ్గరి రాయవరంలో పుట్టారు. తండ్రి వెంకట రామదాసు గారు విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. అంటే మన రెవెన్యూ శాఖవారికి ఒక విధంగా చుట్టమే. చీపురుపల్లిలో బాల్యం గడిచింది. తండ్రి పోయాక విజయనగరం కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు ఇంట ఉంచుకుని చదివించారు. ఎఫ్.ఏ. అయ్యాక నెలకు ఇరవై అయిదు రూపాయల జీతం మీద హైస్కూలు ఉపాధ్యాయుడిగా చేరారు. డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ క్లర్కుగా చేశారు. బి.ఏ. అయిన తరువాత మహారాజా వారి కళాశాలలో అధ్యాపకుడయ్యారు. ఇంగ్లీషు వ్యాకరణం మొదలు గ్రీకు, రోమను చరిత్రల దాకా ఏది చెప్పమంటే అది చెప్పారట. మహారాజు ఆనంద గజపతి గారు ఆయనను సంస్థాన శాసన పరిశోధకుడిగా నియమించారు. 1897లో మహారాజు చనిపోయిన తరువాత, వారి సోదరి రీవా మహారాణి గారి దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా ఉన్నారు. సంస్థానం వారసత్వం మీద కోర్టులో వ్యాజ్యాలు పడితే, ఆ కాగితాలన్నీ చూసే భారం చాలావరకు ఆయన మీద పడింది. 1913లో పదవీ విరమణ చేశారు. 1915 నవంబరు 30న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్ళు. ఉద్యోగ విరమణ తరువాత విశ్రాంతి అనుభవించింది రెండేళ్ళే. ఇప్పుడు డెబ్బయి దాటిన మనం ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

ఈ ఉద్యోగాల మధ్యనే, ఎప్పుడూ అంతంతమాత్రంగా ఉండే ఆరోగ్యంతోనే, ఆయన రాయవలసినవన్నీ రాశారు. మొదట రాసింది ఇంగ్లీషులో. 1883లో 'సారంగధర' అనే కావ్యం ఇంగ్లీషులో రాస్తే, కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ గారు మెచ్చుకుని ప్రచురించారు. మెచ్చుకుంటూనే, పరాయి భాషలో ఎంత రాసినా పేరు రాదు, నీ భాషలో రాసుకో అని హితవు చెప్పారు. ఆ హితవు తెలుగువారికి ఎంత మేలు చేసిందో! 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. బాగా పెంచి, తిరగరాసి 1909లో రెండవ కూర్పు తెచ్చారు. మనం చదివేది ఆ రెండవదే. మొదటి కూర్పు చాలాకాలం ఎవరికీ దొరకకుండా పోతే, బంగోరె గారు వెదికి పట్టుకుని 1969లో తిరిగి అచ్చు వేయించారు. 1910లో 'ముత్యాల సరాలు', అదే ఏడు 'దిద్దుబాటు' కథ వచ్చాయి. దేశభక్తి గీతం మనం బడిలో చేతులు కట్టుకుని నిలబడి పాడినదే.

మరొక పోరాటం భాష గురించి. మనుషులు మాట్లాడే తెలుగులో చదువు చెప్పాలి, పుస్తకాలు రాయాలి అని ఆయన, చిన్ననాటి స్నేహితుడు గిడుగు రామమూర్తి పంతులు గారు పట్టుబట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయం వారి పాఠ్య నిర్ణయ సంఘంలో సభ్యుడిగా ఉండి, తోటివారి నిర్ణయానికి ఒప్పుకోక 1914లో తన అసమ్మతిని విడిగా ఒక పెద్ద పత్రంగా రాసి ఇచ్చారు. కమిటీలో పదిమంది ఒక మాట అంటే పదకొండోవాడు సంతకం చేసి లేచిపోవడం మన ఆఫీసుల్లో చూశాము. అసమ్మతి అని రాసి ఇవ్వడం ఎంత కష్టమో సర్కారు నౌకరీ చేసినవారికే తెలుస్తుంది.

నేను 1972లో నౌకరీలో చేరేనాటికి తెలుగును అధికార భాష చేస్తూ 1966లో చేసిన చట్టం ఉన్నది. కాని మా పెద్ద గుమాస్తాలు ఉర్దూలో ఆలోచించి ఇంగ్లీషులో నోటు రాసేవారు. మేము తెలుగులో రాసిన నోటీసు అందుకున్న రైతు దాన్ని పట్టుకుని మా దగ్గరకే వచ్చి, "ఇందులో ఏమున్నది సారూ?" అని అడిగేవాడు. పేరుకు అది తెలుగే. ఎవరు మాట్లాడే తెలుగో మాత్రం మాకూ తెలియదు.

1034 పేర్ల పట్టీ

ఇప్పుడు పీఠిక సంగతి. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు గురజాడ వారు ఇంగ్లీషులో పీఠిక రాశారు. అందులో ఒక జాబితా ప్రస్తావన ఉన్నది. నాటకం అచ్చు కావడానికి సుమారు పదేళ్ళ ముందు ఆనంద గజపతి మహారాజు గారు, విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో డబ్బు తీసుకుని ఆడపిల్లలకు చేసిన పెళ్ళిళ్ళ పట్టీ ఒకటి తయారు చేయించారు. మూడు సంవత్సరాలలో జరిగినవి 1034 అని తేలింది. ఏడాదికి సగటున 344.

నేను లెక్కలు చూసుకునే మనిషిని. 344ను మూడుతో హెచ్చవేస్తే 1032 వస్తుంది. భాగహారంలో ఇద్దరు పిల్లలు మిగిలారు.

ఆ పట్టీలో పెళ్ళికూతుళ్ళ వయసులు ఉన్నాయి. అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవారు 44. మూడేళ్ళవారు 36. రెండేళ్ళవారు ఆరుగురు. ఏడాది పసివాళ్ళు ముగ్గురు. కూడితే అయిదేళ్ళు, అంతకు లోపువారే 188 మంది. అంటే వందకు పద్దెనిమిది మంది. ఏడాది పిల్లకు పలికిన ధర 350 నుంచి 400 రూపాయలట. గురజాడ వారి మొదటి జీతం నెలకు 25 రూపాయలు గదా. అంటే ఒక బడిపంతులు పద్నాలుగు నుంచి పదహారు నెలలు రూపాయి ఖర్చు పెట్టకుండా దాచితే వచ్చే సొమ్ము ఒక పసిగుడ్డు ఖరీదు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం కుదుర్చుకునేవారని ఆయన రాశారు.

ఆ పట్టీ పూర్తిగా సరైనది కాదని కూడా ఆయనే ఒప్పుకున్నారు. డబ్బు తీసుకున్నామని ఎవరు ఒప్పుకుంటారు? కనుక అసలు లెక్క ఇంకా ఎక్కువే ఉండాలి. జాబితాలు తయారు చేసినవారికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు.

పట్టీ చేతికి వచ్చాక చట్టం తెచ్చే ప్రయత్నమూ జరిగింది గాని ఫలించలేదు. గురజాడ వారు ఆ దారిలో పోలేదు. ఈ దురాచారం చట్టంతో పోదు, జనం చూసి సిగ్గుపడాలి, పుస్తకం చదివే అలవాటు లేనివారికి చూపించాలంటే నాటకమే మార్గం అనుకున్నారు. అగ్నిహోత్రావధానులు, లుబ్ధావధానులు, బుచ్చమ్మ, సుబ్బి అలా పుట్టారు. కవితలో చెప్పవలసినది పూర్ణమ్మ కథగా చెప్పారు. ఆ పట్టీ లేకపోయినా ఆయన ఏదో ఒకటి రాసేవారేమో. కాని ఆ పట్టీలోని అంకెలను పీఠికలో అచ్చు వేయడం వలన, ఇది కవి కల్పన అని తోసివేయడానికి ఎవరికీ వీలు లేకపోయింది.

ఇదంతా ఆ బెంచీ మీద కూర్చుని మా మనవరాలికి చెప్పాను. పూర్ణమ్మ పాట దానికి బడిలో వచ్చినదే. అంకెలు తెలియవు. అది కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "తాతా, ఆ జాబితా ఎవరు రాశారు?" అని అడిగింది.

"మహారాజు గారు రాయించారు" అన్నాను.

"రాయించింది రాజు. రాసింది ఎవరు?"

నాకు జవాబు తెలియదు. ఎవరో గుమాస్తాలే అయి ఉంటారు. ఊరూరా తిరిగి, అరుగు మీద కూర్చుని, "మీ పిల్లకు ఎంత తీసుకున్నారు పంతులు గారూ?" అని అడిగి, తిట్లు తిని, అబద్ధాలు విని, అయినా వయసు దగ్గర ఒకటి అని, ధర దగ్గర 350 అని వేసినవాడు ఒకడున్నాడు. వాడి పేరు ఆ పీఠికలో లేదు. అయితే ఏడాది పిల్ల అనే గడి ఖాళీగా వదిలితే అడిగేవాడెవడూ లేడు. వాడు వదలలేదు.

మా జాబితా

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసం రాయడంలో అర్థం లేదు. ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు.

వెట్టిచాకిరీ రద్దు చేస్తూ కేంద్ర ప్రభుత్వం 1975 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది, 1976లో చట్టం అయింది. అత్యవసర పరిస్థితి రోజులు. ఇరవై సూత్రాల కార్యక్రమంలో అదొక సూత్రం. ప్రతి ఊళ్ళో బాకీ కింద జీతమున్నవారి పేర్లు రాసి పంపమని ఉత్తర్వులు వచ్చాయి. ఏ తాలూకా, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అవసరం లేదు. ఆ రోజుల్లో నేను ఒక చోట చిన్న గుమాస్తాను. గిర్దావరు గారి వెంట సైకిలు మీద ఊళ్ళు తిరిగి పేర్లు రాశాను. తండ్రి చేసిన బాకీ కింద కొడుకు, అన్న పెళ్ళికి తెచ్చిన బాకీ కింద తమ్ముడు. పగలు పటేలు ఇంటి ముందు ఎవరూ నోరు విప్పరు. రాత్రి మేము పడుకున్న బడి దగ్గరకు వచ్చి చెప్పేవారు. మొత్తం ముప్పై ఏడు పేర్లు అయినాయి. అందులో పదేళ్ళ పిల్లవాడొకడు. తండ్రి తీసుకున్న రెండు వందల బాకీకి పసులు కాసేవాడు.

కచేరీకి వచ్చి జాబితా పెట్టాను. పైఅధికారి చూసి, "ఇన్ని పేర్లు పోతే పైనుంచి వంద ప్రశ్నలు వస్తాయి. పక్క తాలూకా వాళ్ళు అయిదు పంపారు. ఆలోచించి మళ్ళీ ఫెయిరు చెయ్యి" అన్నారు. ఏ పేరు కొట్టివేయమని ఆయన చెప్పలేదు. కొట్టివేసింది నేనే. చిన్న పిల్లవాణ్ణి ముందుగా తీసేశాను. "మా ఇంటి పిల్లగాని లెక్కనే చూసుకుంటున్నం" అని పటేలు చెప్పిన మాట ఆధారంగా. చివరకు ఆరు పేర్లు మిగిలాయి. అందంగా, గీతలు కొట్టి, చేతిరాత మెచ్చుకునేటట్టు ఫెయిరు కాపీ చేసి పంపాను. నాకు అప్పటికి పెళ్ళి కాలేదు, ఉద్యోగం ఖాయం కాలేదు, ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళున్నారు. ఇవన్నీ నిజమే. కాని ఆ రోజు ఎవరైనా నన్ను బెదిరించారా అంటే లేదు. నేనే భయపడ్డాను.

తరువాత పదిహేనేళ్ళకు, పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాను. లారీకి మూటలు ఎత్తే మనిషి ఒకడు దగ్గరకు వచ్చి నమస్కారం పెట్టాడు. నేను గుర్తు పట్టలేదు. ఊరి పేరు చెప్పాడు. "మీరు గిర్దావరు సారుతోని సైకిలు మీద వచ్చిండ్రు గద. నా పేరు కూడ రాసుకున్నరు" అన్నాడు. కోపంగా అనలేదు. మనసులో ఏమీ పెట్టుకోకుండా, "ఏమాయె సారూ ఆ పేర్లు?" అని అడిగాడు. పైకి పంపామని చెప్పాను. అది అబద్ధం. బస్సు వచ్చింది, ఎక్కాను. ఇంకా ఎన్నాళ్ళు పసులు కాశాడో కూడా అడగలేదు.

విజయనగరంలో ఆ బెంచీ మీద ఈ ముక్క మా మనవరాలికి చెప్పాను. మా శ్రీమతి కూడా వింటున్నది. ఆమె ఏమీ అనలేదు గాని సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఇచ్చింది.

మన వంతు

గురజాడ వారు పోయాక ఆయన కాగితాల గతి కూడా ఆలోచించదగినది. ఆయన డైరీలు, ఉత్తరాలు, నోటు పుస్తకాలు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి పెట్టుకున్న మనిషి. అవి ఎందరి చేతులో మారాయి. కొన్ని పోయాయి. అవసరాల సూర్యారావు గారి వంటివారు కూర్చుని చదివి, తెలుగు చేసి, అచ్చుకు ఎక్కించారు. నూట యాభయ్యో జయంతి సందర్భంగా 2012లో మనసు ఫౌండేషన్ వారు ఆయన రచనలన్నీ ఒక్కచోట చేర్చి 'గురుజాడలు' పేరుతో పెద్ద సంపుటం తెచ్చారు. ఇల్లు నిలబెట్టడం ఒక పని, కాగితం నిలబెట్టడం మరొక పని. మొదటిదానికి సున్నం, కలప, డబ్బు కావాలి. రెండవదానికి ఓపిక ఉన్న గుమాస్తా కావాలి.

అందువలన సభ్యులకు రెండు మనవులు.

ఒకటి. విశాఖపట్నం, సింహాచలం యాత్రకు వెళ్ళేవారు ఇంకొక గంట రైల్లో కూర్చుంటే విజయనగరం వస్తుంది. పిల్లలను, మనవలను తీసుకుని ఆ ఇల్లు చూడండి. వెళ్ళే ముందు తెరిచి ఉండే వేళలు ఎవరినైనా కనుక్కోండి. లోపల చూడవలసినది తక్కువే. కనుక 'కన్యాశుల్కం' పీఠిక చదువుకుని వెళ్ళండి, అప్పుడు ఎక్కువ కనబడుతుంది. అంత దూరం పోలేనివారు నాంపల్లిలోని సరోజినీ దేవి గారి ఇంటి దగ్గరైనా ఒకసారి బస్సు దిగండి. నేనూ ఈసారి దిగుతాను.

రెండవది ముఖ్యమైనది. మన సంఘంలో రెవెన్యూ, విద్య, వైద్యం, సహకార శాఖ, పంచాయతీరాజ్ అన్నిట్లోనూ పనిచేసినవారున్నాము. జనాభా లెక్కలు రాశాము, కరువు పనుల మస్టర్లు రాశాము, సీలింగు భూముల జాబితాలు రాశాము. 1984లో పట్వారీలు పోయినప్పుడు వారి దస్త్రాలు మోసుకొచ్చిన చేతులు మనవే. మన జొన్న చేలు ఎవరి పేరు మీద నుంచి ఎవరి పేరు మీదికి మారి ఫ్యాక్టరీలు అయినాయో చాలామందికి గుర్తున్నది. ఫెయిరు కాపీలు రికార్డు రూములో చెదలు పట్టి ఉంటాయి. రఫ్ కాపీలో ఏమున్నదో మన తలకాయల్లో మాత్రమే ఉన్నది. అది మనతోపాటే పోతుంది. ఎవరి మీదా నింద వేయనక్కరలేదు, పేరు పెట్టి రచ్చకెక్కించనక్కరలేదు. తాను చూసిన ఒక్క నిజమైన సంగతి, సంవత్సరం వేసి, ఒక పేజీలో రాసి కార్యదర్శి గారికి ఇస్తే, ఆయన దాచి పెడతానన్నారు. చేయి వణికేవారు చెబితే మనవలు రాస్తారు. మా మనవరాలు రాస్తానన్నది.

నా వంతు మొదలు పెట్టాను. విజయనగరం నుంచి వచ్చిన మరునాడు ఒక నోటు పుస్తకం తెచ్చి, 1976 అని పైన వేసి, నేను కొట్టివేసిన ముప్పై ఒక్క పేర్లు రాద్దామని కూర్చున్నాను. మొదటి గడిలో ఆ పిల్లవాడి పేరు, వయసు పది, బాకీ రెండు వందలు అని వేశాను. ఇప్పటికి పదకొండు పేర్లు జ్ఞాపకం వచ్చాయి. మిగిలిన గడులు ఖాళీగానే ఉంచాను. గుర్తు వచ్చినప్పుడల్లా రాస్తున్నాను.

సెలవు.